అహోబిలం కొండ ఎక్కడం ఎలా: జ్వాలా నరసింహం దారి, చుట్టుపక్కల కథలు

అహోబిలం వచ్చే చాలామంది నవ నారసింహ క్షేత్రాలనూ ఒక్క రోజులో ముగించాలని చూస్తారు. సాయంత్రానికి పిక్కలు పట్టేస్తాయి, ఏ గుడి ఎక్కడ చూశామో కలగాపులగం అయిపోతుంది. ఇక్కడి కథలన్నీ కొండనూ వాగునూ పట్టుకునే ఉంటాయి కాబట్టి, నడిచే వరసలో నిదానంగా చూస్తేనే అర్థమవుతాయి. రెండు రోజులు పెట్టుకోండి. మొదటి రోజు ఎగువ అహోబిలం, రెండో రోజు దిగువన ఉన్నవి.

నంద్యాల దాకా రైలు ఉంది. అక్కడి నుంచి ఆళ్లగడ్డ మీదుగా బస్సులో దిగువ అహోబిలం చేరవచ్చు. బస దిగువనే చూసుకోండి. ఎగువ గుడి అక్కడికి సుమారు 8 కిలోమీటర్లు, తారు రోడ్డు ఉంది. వెళ్లడానికి కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. వానలు వెనకబట్టాక వాగుల్లో ఇంకా నీళ్లుంటాయి, ఎండ చంపదు. వేసవిలో పది దాటితే రాయి కాలిపోతుంది, చెప్పులు విడిచి నడవడం నరకం. స్వాతి నక్షత్రం స్వామి జన్మ నక్షత్రం. ఆ రోజు రద్దీ ఎక్కువ, ఇరుకు మెట్ల మీద దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఎదురుపడి ఆగిపోతారు. కొండ చూడాలనుకునేవాళ్లు ఆ రోజు వదిలేయడమే మేలు.

సంచిలో మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఉగ్ర స్తంభం అనే కొండకొమ్ము ఎక్కేవాళ్లయితే మూడు. పల్లీ చిక్కీ, ఖర్జూరాల్లాంటివి చాలు. చేతిలో వేలాడే కవరు మాత్రం వద్దు, కోతులు మొదట లాక్కునేది దాన్నే. వీపున జిప్పు వేసిన సంచి ఉంటే వాటి చూపు అంతగా పడదు. ఎగువ గుడి దగ్గర వెదురు కర్రలు దొరుకుతాయి, తప్పక తీసుకోండి. ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడే దాని విలువ తెలుస్తుంది. అడుగున గాట్లున్న బూట్లు వేసుకోండి. నడవలేని పెద్దవాళ్లకు డోలీలున్నాయి. ఎక్కేముందే రానూపోనూ కలిపి ఎంతో మాట్లాడుకోండి.

పొద్దున ఆరింటికల్లా ఎగువ గుడి దగ్గర ఉండాలి. గుహలో వెలసిన ఉగ్ర నరసింహుడు ఇక్కడి మూలమూర్తి. ఊరి పేరు వెనక రెండు మాటలు చెబుతారు. స్వామి ఉగ్రరూపం చూసి దేవతలు ‘అహో బలం’ అన్నారని ఒకటి, ఈ బిలం వల్లనే ‘అహో బిలం’ అయిందని మరొకటి. జనం నోట్లో అది ఓబులం అయింది. రాయలసీమలో ఓబులేసు, ఓబులమ్మ, ఓబుళరెడ్డి పేర్లన్నీ ఇక్కడివే. ఈ గుళ్లోనే చెంచులక్ష్మి సన్నిధి ఉంది, చూడకుండా కదలొద్దు. మిగతా కొండ కథకు తాళంచెవి ఆమె. హిరణ్యకశిపుణ్ణి చంపి ఉగ్రంతో అడవిలో తిరుగుతున్న స్వామి చెంచు పిల్లను చూసి మనసిచ్చి పెళ్లాడాడట. అందుకే నల్లమల చెంచులకు ఆయన దేవుడే కాదు, ఇంటి అల్లుడు కూడా.

గుడి దాటాక దారి భవనాశిని వాగు వెంబడి సాగుతుంది. కిలోమీటరు లోపే క్రోడ నరసింహుడు, అంటే వరాహ రూపం. ఇక్కడ ఒక్క అయిదు నిమిషాలు ఆగి ఎదుటి గోడల్లాంటి కొండల్ని చూడండి. ఇవి గట్టి క్వార్ట్‌జైట్ రాళ్లు, వంద కోట్ల ఏళ్లకు మించిన వయసు. ఒకప్పుడు నీటి అడుగున పరుచుకున్న ఇసుక పొరలు గట్టిపడి, తర్వాత నేల ఒత్తిడికి మడతలు పడ్డాయి. పరుపు మడిచినట్టు వంగిన పొరలు కొండ అంచున కంటికే కనిపిస్తాయి. ఈ రాయి అరగదు, పగుళ్ల వెంట నిలువుగా విడిపోతుంది. అందుకే ఇక్కడ కొండ ఏటవాలుగా కాకుండా నిటారుగా ఉంటుంది, కింద చతురస్రపు బండలు కుప్పపడి ఉంటాయి. ఆ బండల్లో కొన్ని కదులుతాయి. కర్రతో తట్టి చూశాకే బరువు మోపండి.

ఎగువ గుడి నుంచి జ్వాలా నరసింహానికి సుమారు 4 కిలోమీటర్లు, నెమ్మదిగా రెండు గంటలు. కొంత మెట్లు, కొంత వట్టి బండలు. చివర్లో దారి కొండ చెక్కిన అంచు మీదుగా, పైనుంచి జారే నీటి ధార కిందుగా పోతుంది. ప్రమాదాలు జరిగేది ఇక్కడే. తడి రాయి మీద పాచి పల్చగా, రాయి రంగులోనే ఉంటుంది, కనపడదు. గోడ వైపే నడవండి, కమ్మీ పట్టుకోండి, ఫోటో కోసం వెనక్కి అడుగు వేయొద్దు. ధార దాటితే వేలాడే బండ కింద గుడి. హిరణ్యకశిపుణ్ణి ఒడిలో చీలుస్తున్న ఎనిమిది చేతుల మూర్తి. పక్కనే రక్తగుండం, స్వామి చేతులు కడుక్కున్న చోటని చెబుతారు.

వాన పడుతుంటే ఈ దారికి రావద్దు. వాగులో నీరు ఉన్నట్టుండి మట్టిరంగుకు తిరిగి ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నాయంటే పైన ఎక్కడో గట్టిగా కురిసిందన్నమాట. వాగు దాటాల్సి ఉంటే దాటకండి, ఎత్తైన బండ మీద ఆగి నీరు తగ్గేదాకా కూర్చోండి.

తిరుగు దారిలో మాలోల నరసింహం. ‘మా’ అంటే లక్ష్మి, ఆమె మీద మక్కువ గలవాడు మాలోలుడు. చెంచులక్ష్మి సంగతి తెలిసి అలిగిన అమ్మవారిని బుజ్జగించిన చోటని జనం అంటారు. జ్వాలా నరసింహుడి కోపపు మూర్తిని చూసి వచ్చాక, లక్ష్మిని ఒడిలో పెట్టుకున్న ఈ శాంతమూర్తిని చూడండి. ఈ వరస మార్చకండి, కథ నడిచేది ఇలాగే. ప్రహ్లాద బడి అనే గుహ కూడా ఇటే.

స్వామి వెలువడిన స్తంభమని చెప్పే ఉగ్ర స్తంభం, రెండుగా చీలినట్టున్న కొండకొమ్ము. అందరూ ఎక్కాల్సిన పని లేదు. జారే రాళ్ల మీద నిటారు ఎక్కుడు, పైన నీళ్లు దొరకవు. దారి చీలే చోటికి పదింటికి చేరకపోతే మానుకోండి. ఎక్కితే స్థానికుణ్ణి వెంట తీసుకెళ్లండి. ఎవరైనా సరే నాలుగింటికల్లా ఎగువ గుడికి దిగిపోవాలి, ఆ తర్వాత అడవి త్వరగా చీకటి పడుతుంది.

రెండో రోజు దిగువ గుడిలో మొదలుపెట్టండి. ఆవరణలో జయస్తంభం ఉంది. కళింగ యుద్ధాల నడుమ 1515లో శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడికి వచ్చి స్వామికి నగలు, బంగారు పళ్లెం, వెయ్యి వరహాలు ఇచ్చినట్టు శాసనం ఉంది. అంతకు ముందే 14వ శతాబ్దంలో అద్దంకి నుంచి ఏలిన ప్రోలయ వేమారెడ్డి అటు శ్రీశైలానికీ ఇటు అహోబిలానికీ మెట్లు కట్టించాడు. మండపం స్తంభాలు చూడాలంటే పొద్దున్నే, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు. మిట్టమధ్యాహ్నం చెక్కడం చదునుగా కనిపిస్తుంది, పైగా గుడి మూసేస్తారు.

భార్గవ నరసింహం కాస్త మెట్లెక్కాలి, మూర్తి చుట్టూ తోరణంలో దశావతారాలు చూడండి. యోగానంద, కారంజ ఆటోలో అయిపోతాయి. కారంజ మూర్తి చేతిలో విల్లుంటుంది. రాముణ్ణి తప్ప మరొకరిని మొక్కనన్న హనుమంతుడి కోసమట. ఛత్రవట నరసింహానికి మాత్రం సమయం ఇవ్వండి. గంధర్వులు హాహా, హూహూ పాడుతుంటే తొడ మీద తాళం వేస్తున్న మూర్తి, ముఖంలో నవ్వు. పావన నరసింహాన్ని, అదే పాములేటి నరసింహస్వామిని, చూడాలంటే అడవి లోపలికి జీపులో వెళ్లాలి. వెళ్లనిచ్చేదీ లేనిదీ ముందురోజే అటవీ చెక్‌పోస్టు దగ్గర కనుక్కోండి.

సంక్రాంతికి వెళ్లగలిగితే కనుమ నాడు అక్కడే ఉండండి. పారువేట ఆ రోజే మొదలవుతుంది. ఉత్సవమూర్తులు పల్లకిలో కొండ దిగి, నలభై రోజులకు పైగా చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతారు. చెంచులు విల్లంబులతో వచ్చి అల్లుణ్ణి సాగనంపుతారు.