రద్దీ నెలలు మొదలవకముందే: సేవా ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకు జాగ్రత్తలు

పోయిన వారం మా వార్డులో నైట్ డ్యూటీలో ఉన్న సిస్టర్ ఒకామె తప్పు మందు సిరంజిలోకి తీసింది. పక్కనున్న అమ్మాయి చూసి చెయ్యి పట్టుకోబట్టి సరిపోయింది. సీసా మీద పేరు రెండుసార్లు చదివానంది. నిజమే, చదివింది. కళ్ళు చదివాయి గానీ బుర్రకెక్కలేదు. పదిహేను రోజులుగా ఆమెకు వీక్లీ ఆఫ్ లేదు. ఎందుకు తీసుకోలేదంటే, "ఈ వారం గడిస్తే తీసుకుందామనుకున్నా" అంది.

నర్సులు, కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లు, నేను చూసినంతలో ఎంతోమందిని ముంచింది ఈ ఒక్క మాటే. నీళ్ళు తాగండి, ధ్యానం చేయండి అని మీకు అందరూ చెప్పే ఉంటారు. నేను ఈ "వారం గడవనీ" అనే మాట గురించే చెబుతాను.

ముందు బర్నౌట్‌ను, అంటే పని ఒత్తిడితో మనిషి లోపల ఖాళీ అయిపోవడాన్ని, గుర్తుపట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుల కింద చేర్చలేదు. ఉద్యోగంలో ఎడతెగని ఒత్తిడిని సరిగ్గా సంభాళించకపోతే వచ్చే స్థితి అంది. శక్తి ఉడిగిపోవడం, పని మీద విరక్తి, ఏ పనీ సరిగా చేయలేకపోతున్నామనిపించడం దాని లక్షణాలు. అలసటను అందరూ ఒప్పుకుంటారు, విరక్తిని దాచుకుంటారు. పేషెంటు కొడుకు కౌంటర్ దగ్గరికొచ్చి నోరు తెరవకముందే మీకు విసుగొస్తోందా? ఎదుటి మనిషి ఏడుస్తుంటే గడియారం వైపు చూస్తున్నారా? సిగ్గుపడి దాచకండి. రెండు వారాలుగా ఇలాగే ఉంటే పైవాళ్ళకు చెప్పండి. ఈ వారం గడవనీ అనుకోకండి. వచ్చే వారం ఇంకో ఇద్దరు సెలవు పెడతారు, ఇంకో పదిమంది పేషెంట్లు చేరతారు.

ఇక నిద్ర. 17 గంటలు ఏకధాటిగా మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్ళ స్థాయికి పడిపోతుందని 1997లోనే పరిశోధకులు చూపించారు. తాగొచ్చినవాళ్ళను వార్డులో అడుగు పెట్టనివ్వం. డబుల్ డ్యూటీ చేసినవాళ్ళనేమో మెచ్చుకుంటాం. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

సెలవును వాయిదా వేయడం ఒక తప్పు. సెలవు మీద ఉన్నవాళ్ళు చేసేదీ అదే తప్పు, కాకపోతే తిరగేసి. పది రోజులు తీసుకుంటారు, నాలుగో రోజు కాస్త నిద్రపట్టగానే "వచ్చేస్తాను" అని ఫోన్ చేస్తారు. రాకండి. వచ్చాక కూడా అవే కేసులు, అవే నైట్‌లు ఉంటే మళ్ళీ పడిపోతారు. కేసులు తగ్గాలి, లేదా వార్డు మారాలి. అది కాగితం మీద రాయించుకోండి, నోటిమాట రెండు రోజులు కూడా నిలవదు.

నైట్ దిగి బండి నడపకండి.
సెలవు రోజున డ్యూటీ గ్రూపు మ్యూట్ చేయండి.
స్టాకులోంచి నిద్రమాత్ర తీసి వేసుకోకండి. మందులు చేతికందే ఉద్యోగం మనది, అలవాటు ఎప్పుడైందో కూడా తెలియదు.
మీ చేతుల్లో ఎవరైనా పోయిన రోజు, తోటివాళ్ళతో పది నిమిషాలు మాట్లాడకుండా ఇంటికెళ్ళకండి.
ఏడుస్తున్న జూనియర్‌ను "అలవాటైపోతుందిలే" అనకండి.
చచ్చిపోవాలని ఒక్కసారి అనిపించినా ఒంటరిగా ఉండకండి. ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, తోడు ఎవరినైనా తీసుకెళ్ళండి.
ఈ వారం గడవనీ అనకండి.
వచ్చే నెల రోస్టర్ ఇంకా పెన్సిల్‌తోనే ఉంటుంది. మీ ఆఫ్ ఇవాళే రాయించుకోండి.