క్విజ్ నడుపుదాం రండి – మూడో పాఠం: ఆడియన్స్ పోల్

పోయిన పాఠంలో ప్రశ్నల్ని తేలికవాటి నుంచి కష్టమైనవాటికి వరుస పెట్టడం చూశాం. ఇవాళ లైఫ్‌లైన్లు, అంటే జవాబు తేలనప్పుడు ఆడేవాళ్లు అడగగలిగే సాయాలు. రెండు తప్పు ఆప్షన్లని తీసేసే ఫిఫ్టీ ఫిఫ్టీలో నేర్పడానికేం లేదు. మనం ఫోన్ చేసిన స్నేహితుడు మన బెంగళూరు సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మనం చేయగలిగిందీ లేదు. కసరత్తంతా చూసేవాళ్ల ఓట్లు అడిగే ఆడియన్స్ పోల్‌లోనే.

ఈ మూడూ 1998 సెప్టెంబరులో బ్రిటన్‌లోని ఐటీవీలో మొదలైన 'హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్'తో వచ్చినవే. 2000లో అమితాబ్ 'కౌన్ బనేగా కరోడ్‌పతి' (కేబీసీ), 2014లో నాగార్జున 'మీలో ఎవరు కోటీశ్వరుడు' ఆ అచ్చులోంచే వచ్చాయి. 2020లో కరోనా వల్ల సెట్‌లో జనాన్ని కూర్చోబెట్టలేక కేబీసీ వాళ్లు ఈ పోల్‌నే పక్కన పెట్టాల్సి వచ్చింది.

ఇక లెక్కలోకి వద్దాం. మీ అపార్ట్‌మెంట్ ఉగాది క్విజ్‌కి వందమంది వచ్చారనుకోండి. ఒక ప్రశ్నకి జవాబు నిజంగా తెలిసినవాళ్లు పన్నెండు మందే. మిగతా 88 మందీ గాలిలో రాయి వేస్తారు. ఆ రాళ్లు నాలుగు ఆప్షన్లకీ దాదాపు సమానంగా, తలా 22 పడతాయి. సరైన జవాబుకి 22కి తోడు ఆ పన్నెండూ కలిసి 34. తెలియనివాళ్లు ఒకరినొకరు కొట్టేసుకుంటే తెలిసిన పిడికెడు మంది పైకి తేలతారు. పోల్ కిటుకు ఇదే.

అయితే ఊహ ఓట్లు నాలుగైదు అటూ ఇటూ కావడం మామూలే. 27, 25, 24, 24 అని వస్తే అందులో సమాచారం ఏమీ లేదు. యాంకర్‌గా మీరు "ఎక్కువ మంది ఆప్షన్ ఏ అంటున్నారు" అని ఊరించకండి, అంకెలు చదివి ఊరుకోండి.

ఈ కిటుకు పనిచేయాలంటే ఎవరి ఓటు వాళ్లదై ఉండాలి. చేతులు ఎత్తమంటే చెడుతుంది. ముందు వరసలో రిటైర్డ్ మాస్టారు చెయ్యెత్తగానే వెనక నాలుగు వరసలు ఎత్తేస్తాయి. వంద మందీ ఒక్క మాస్టారైపోతారు! నాలుగు రంగుల అట్టముక్కలు పంచండి, గంట కొట్టగానే అందరూ ఒకేసారి ఎత్తాలి. ఆడేవాళ్లు తమ అనుమానం ముందే బయటపెట్టకూడదు.

ఇప్పుడు అసలు చిక్కు. ప్రశ్న: లేపాక్షి ఏ జిల్లాలో ఉంది? ఓట్లు ఇలా వచ్చాయనుకుందాం: అనంతపురం 52, శ్రీ సత్యసాయి 38, కర్నూలు 6, చిత్తూరు 4.

కళ్లు 52 మీదికే పోతాయి. ముందు చిన్న అంకెలు చూడండి. గాలివాటం ఓట్లు ఆప్షన్‌కి ఐదేసి, మొత్తం ఇరవై. అంటే తక్కిన ఎనభై మందికీ ఏదో కారణం ఉంది. అనంతపురం అన్నవాళ్లు బడిలో చదువుకున్నది చెప్పారు. శని, ఆదివారాల్లో కార్లేసుకుని వెళ్లి నంది ముందు ఫొటో దిగి వచ్చినా, బెంగళూరులో స్థిరపడ్డవాళ్ల బుర్రలో పాత జిల్లాయే ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల్ని విడదీశాక లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. ఆ కొత్త పేరు చెప్పినవాళ్లకి పాతదీ తెలిసే ఉంటుంది, తెలిసీ దాన్ని వద్దనుకున్నారు. కాబట్టి 38 వైపే మొగ్గాలి.

తెలియనితనం నాలుగు పక్కలా చెదిరిపోతుంది. అందరూ కలిసి నేర్చుకున్న తప్పు మాత్రం ఒక్కచోటే కుప్పపడుతుంది. ఇలా పాతబడ్డ జవాబున్న ప్రశ్నలు ఒకటో రెండో పెట్టండి, మరీ ఎక్కువైతే జనం అలుగుతారు.

ఇంటిపని: పైన చెప్పిన పన్నెండు మంది లెక్కలోనే ముందు ఫిఫ్టీ ఫిఫ్టీ వాడి, తర్వాత పోల్ పెట్టండి. రెండు ఆప్షన్లకీ ఎన్నెన్ని ఓట్లు వస్తాయి? మొదటి రెండు స్థానాల మధ్య తేడా పెరిగిందా, అలాగే ఉందా? ఊహించేవాళ్లు రెండు ఆప్షన్లలో ఒకదాని వైపు ఒరిగిపోయే ప్రమాదం ఎప్పుడు ఎక్కువ? కాగితం మీద వేసి చూడండి, వచ్చే పాఠం అక్కడి నుంచే.