నొప్పికి విజయ మందు మొదలుపెట్టే ముందు

బెంగళూరులో అమ్మానాన్నల కీళ్ల నొప్పికో, క్యాన్సర్ బాధకో గంజాయి మొక్క ఆకుతో చేసే విజయ మందు వెతుకుతున్నవారు ముందు ఇవి చూసుకోండి.

- 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టం కింద గంజాయి, చరస్ (గంజాయి జిగురు) దగ్గర ఉంచుకోవడం నేరం. పూల కొసలు కలవని ఆకు ఆ నిర్వచనంలోకి రాదు. ఆయుర్వేదంలో వాడే విజయ అదే. సీసాపై తయారీ లైసెన్సు నంబరు, చేతిలో వైద్యుని చీటీ లేనిదే కొనకండి.

- ఇప్పటికే వాడుతున్న మందులన్నీ వైద్యునికి చూపండి. ముఖ్యంగా రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్: రక్తస్రావం ప్రమాదం పెరగవచ్చు. నిద్రమాత్రలు, మద్యం కలిస్తే మత్తు ముదురుతుంది. గుండెజబ్బు, మానసిక వ్యాధి, గర్భం దాచకండి.

- నోటి ద్వారా తీసుకుంటే ప్రభావానికి 2 గంటలు కూడా పట్టవచ్చు. తగ్గలేదని వెంటనే రెండో మోతాదు ఇవ్వకండి, పెద్దవాళ్లు తూలి పడతారు. మొదటి రాత్రి తోడుగా ఒకరు ఉండాలి.

- మత్తు పూర్తిగా వదిలేదాకా బండి నడపవద్దు.

- పాత నొప్పి మాత్రలను సొంతంగా ఆపవద్దు.