మొక్కల పేర్లు చదవడం నేర్చుకుందాం – నాలుగో పాఠం: వందా

గత పాఠంలో మొక్క శాస్త్రీయ నామంలో రెండు పదాలుంటాయనీ, మొదటిది ప్రజాతిని, రెండోది అందులోని జాతిని తెలుపుతుందనీ చూశాం. ఈసారి ఒకే ఒక్క పేరును తీసుకొని, దాని అర్థాన్నీ వాడుకనూ అక్షరమక్షరం పరిశీలిద్దాం. హనుమకొండ నర్సరీలలో 'వాండా' అని పిలిచే ఆర్కిడ్ పేరు అది. ఇంగ్లీషు ఉచ్చారణ మీదుగా తిరిగి వచ్చినందువల్ల మనకు పరాయి మాటలా వినిపిస్తుంది గానీ అసలు రూపం 'వందా', అచ్చమైన సంస్కృత పదం.

కలకత్తాలో న్యాయమూర్తిగా ఉంటూ సంస్కృతం నేర్చిన విలియం జోన్స్ ఈ పదాన్ని ఆర్కిడ్‌కు వాడాడు. 1820లో వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రౌన్ దానిని ప్రజాతి నామంగా నియమానుసారం ప్రచురించాడు. అందుకే పూర్తి వివరంతో రాసేటప్పుడు 'వందా జోన్స్ ఎక్స్ ఆర్. బ్రౌన్' అని రాస్తారు. ఇక్కడ 'ఎక్స్'కు ముందున్నవాడు పేరు సూచించినవాడు, తరువాత ఉన్నవాడు దానిని చెల్లుబాటయ్యేలా ప్రచురించినవాడు. ఈ వరుసను తారుమారు చేయకూడదు.

ఇక అర్థానికి వద్దాం. అమరకోశం వనౌషధి వర్గంలో వందా, వృక్షాదని, వృక్షరుహ, జీవంతిక అనే పదాలు ఒకే మొక్కకు పర్యాయాలుగా కనిపిస్తాయి. వృక్షాదని అంటే చెట్టును తినేది, వృక్షరుహ అంటే చెట్టు మీద మొలిచేది. ఈ రెండూ ఒకటి కావు. అయినా పక్కపక్కనే కూర్చున్నాయి. తెలుగులో 'బదనిక' అనే మాటకూ ఇదే స్థితి పట్టింది: చెట్టును తినే మొక్కనూ, చెట్టు మీద ఊరికే మొలిచే మొక్కనూ ఆ ఒక్క పేరుతోనే పిలుస్తారు.

నర్సంపేట వైపు ఒక మామిడి తోటలో, పూతతో ఉన్న వందా మొక్కను కొడవలితో లాగివేయబోతున్న పెద్దాయనను ఆపి అడిగితే, "గది బదనిక సారూ, చెట్టును తింటది, కోసి పారేయాలె" అన్నాడు. అనుభవం లేని మాట కాదది. నిజమైన బదనిక మామిడి కొమ్మలోకి చొచ్చుకుపోయి దాని నీటినీ లవణాలనూ లాక్కుంటుంది, ముదిరితే ఆ కొమ్మ ఎండుతుంది. కానీ ఆయన చేతిలో ఉన్నది అది కాదు. వేరును బెరడు నుంచి మెల్లగా విడదీసి చూపించాను. బదనిక అయితే కొమ్మతో అతుక్కున్న చోట బుడిపె కట్టి, ఎంత లాగినా విడిగా రాదు. వందా వేరు బెరడును పట్టుకొని ఉంటుందే తప్ప లోపలికి దిగదు. ఎండినప్పుడు అది వెండి తెలుపులో ఉంటుంది. నాలుగు చుక్కల నీరు పోస్తే, చూస్తుండగానే ఆకుపచ్చగా మారుతుంది. పైనున్న మెత్తని పొర స్పాంజిలా నీరు పీల్చుకోగానే లోపలి పచ్చదనం బయటపడుతుందన్న మాట. వానతో, మంచుతో బతికే మొక్క అది. చెట్టు దానికి నిలువ నీడ మాత్రమే.

అలాగైతే పరాన్నజీవి అనే అర్థం ఉన్న పేరును మార్చవద్దా అని మీరు అడగవచ్చు. మార్చరు. చెల్లుబాటైన పేరును, అర్థం సరిపోలేదన్న ఒక్క కారణంతో తోసిపుచ్చకూడదని వృక్షశాస్త్ర నామకరణ నియమం. కాబట్టి పేరులోని అర్థం, ఆ పేరు పెట్టినవారు మొక్కను ఎలా చూశారో చెబుతుందే గానీ మొక్క ఎలా బతుకుతుందో చెప్పదని గుర్తుపెట్టుకోండి. ఈ పాఠంలో నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే సంగతి ఇదే.

రెండో పదం సంగతి. మన అడవుల్లో, తోటల్లో కనిపించే జాతి 'వందా టెస్సెల్లాటా'. లాటిన్‌లో టెస్సెల్లా అంటే నేలమీద పరిచే చిన్న చదరపు రాయి. పసుపు, ఆకుపచ్చ కలిసిన రేకుల మీద గోధుమ రంగు గీతలు అల్లుకొని గళ్ల దుప్పటిలా కనిపిస్తాయి కనుక ఆ పేరు అతికినట్టు సరిపోయింది. ఒకప్పుడు సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ దీనిని 1795లో 'ఎపిడెండ్రం టెస్సెల్లాటం' అన్నాడు. ఎపిడెండ్రం అంటే గ్రీకులో 'చెట్టు మీద ఉన్నది'. ఎపిడెండ్రం నపుంసక లింగం, వందా స్త్రీలింగం. ప్రజాతి మారగానే 'టెస్సెల్లాటం' కాస్తా 'టెస్సెల్లాటా' అయింది. మొదట వర్ణించిన రాక్స్‌బర్గ్ పేరు మాత్రం పోలేదు. కుండలీకరణంలోకి, అంటే బ్రాకెట్లలోకి వెళ్లింది, అంతే.

రాసేటప్పుడు రెండు పదాలనూ వాలు అక్షరాలలో రాయాలి. రోమన్ లిపిలో మొదటి పదానికే పెద్ద అక్షరం. మళ్లీ మళ్లీ వచ్చేచోట ప్రజాతిని 'వి' అనే ఒక్క అక్షరానికి కుదించవచ్చు గానీ, అదే వ్యాసంలో వనిల్లా కూడా ఉంటే కుదించకండి. అదీ ఆర్కిడే, దానికీ అదే అక్షరం.

అభ్యాసం: వందా టెస్టాసియా, వందా కోరూలియా అనే పేర్లలో మొదటి దానిలోని జాతి పదానికి ఇటుక రంగుదని, రెండోదానికి నీలం రంగుదని అర్థం. ఈ రెండు పదాలు ఎపిడెండ్రం పక్కన చేరితే ఎలా మారతాయో నోటుపుస్తకంలో రాయండి. వచ్చే పాఠంలో డెండ్రోబియంతో మొదలుపెట్టి వాటిని సరిచూద్దాం.