పికప్ బండిలో కూలెంట్ కారుతుంటే ఇంటి దగ్గర చేసుకోగల మరమ్మతు

డీజిల్ కాలితే తగ్గుతుంది, ఇంజిన్ ఆయిల్ కూడా కొద్దికొద్దిగా తగ్గవచ్చు. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవమైన కూలెంట్‌కు మాత్రం తగ్గవలసిన పని లేదు, ఎందుకంటే అది మూసి ఉన్న దారిలోనే తిరుగుతుంది. వారానికొక సీసా పోస్తున్నామంటే ఆ సీసాడు ద్రవం ఎటో పోతున్నదని అర్థం. ఉద్దానం కొబ్బరికాయలు, పలాస జీడిపప్పు, సంతకు వెళ్లే కూరగాయలు తోలే పికప్ బళ్లలో సీటు వెనుక నీళ్ల సీసా పెట్టుకుని, ఇంజిన్ వేడి చూపే ముల్లు పైకి లేచినప్పుడల్లా ఆపి పోసుకునే అలవాటు మా శ్రీకాకుళం వైపు చాలామందికి ఉన్నది. నాకూ ఒక ఏడాది పాటు ఉండేది. అలా తిప్పినంత కాలం ఇంజిన్ హెడ్డుకు, అంటే సిలిండర్ల మీద బిగించి ఉండే పై భాగానికి, ముప్పు పొంచి ఉన్నట్లే.

ఈ పనిలో ముప్పాతిక వంతు వెతకడమే. పైపు మార్చడం గంట సేపటి పని, పైపు నుంచే కారుతున్నదని నిర్ధారించుకోవడానికి ఒక పూట పట్టవచ్చు. ముందు మూతి ఉన్న బొలేరో పికప్ వంటి బండిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఇంజిన్ సీటు కింద ఉండే చిన్న బళ్లలోనూ పద్ధతి ఇదే, కాకపోతే చేయి దూరే చోటు తక్కువ.

వేడిగా ఉన్న రేడియేటర్ మూతను తిప్పకూడదన్నది అన్నిటికంటే ముందు చెప్పవలసిన మాట. ఆ మూత కేవలం మూత కాదు, లోపలి ఒత్తిడిని నిలబెట్టే వాల్వు కూడా. బయట గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మూత దాదాపు ఒక బార్ అదనపు ఒత్తిడిని నిలిపితే, అవే నీళ్లు సుమారు 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటాయి. మూత తీసిన క్షణంలో ఆ ఒత్తిడి పోతుంది, లోపల ఉన్నదంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. పైన ఉన్న లావు పైపును పిండి చూసినప్పుడు అది మెత్తగా, చల్లగా ఉంటేనే మూత మీద చేయి వేయాలి. అప్పుడు కూడా మందపాటి గుడ్డ కప్పి, మొదటి మెట్టు దాకా తిప్పి, గాలి చప్పుడు ఆగిన తరువాతనే పూర్తిగా తీయాలి. వేసవిలో బండి ఆపిన గంటన్నరకు గాని ఆ చల్లదనం రాదు. ఇంజిన్ వేడిగా ఉండగా చన్నీళ్లు పోయడం అంతకంటే పెద్ద తప్పు, హెడ్డు బీటలు వారవచ్చు.

ఇక వెతకడం. సాయంత్రం బండిని సమతలంగా ఉన్న గచ్చు మీద నిలిపి, చల్లారిన తరువాత రేడియేటర్‌ను నిండుగా నింపి, ఇంజిన్ కింద విప్పిన అట్టపెట్టెలు పరచాలి. మా ఇంట్లో జీడిపప్పు డబ్బాలు వచ్చే అట్టలు ఇందుకే దాస్తాము. తెల్లారేసరికి అట్ట మీద పడిన మరక ఎక్కడ ఉన్నదో, ఏ రంగులో ఉన్నదో చూడాలి. ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో ఉండి వేళ్ల మధ్య కొద్దిగా జిగురుగా తగిలితే అది కూలెంట్. రంగు, వాసన ఏమీ లేని నీళ్లయితే ఏసీ నుంచి వచ్చినవి కావచ్చు, వాటితో మనకు పని లేదు. రుచి చూడడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం, కుక్కలు, దూడలు దానిని ఇష్టంగా నాకుతాయి. అందుకని ఉదయాన్నే అట్టలు తీసివేసి గచ్చు కడిగిన తరువాతనే మిగిలిన పని చూసుకోవాలి.

మరక పడిన చోటికి సరిగ్గా పైనే కారుతున్నదని అనుకోవడంలో చాలామంది పొరబడతారు. మా బండిలో చుక్క పడినది ముందు అడ్డకమ్మీ వెనుక, అసలు కారినది దానికి మూరెడు ముందు. రేడియేటర్ అడుగున ఉన్న పైపు మూతి దగ్గర పుట్టిన చుక్క, పైపు అడుగు వైపున పాకుతూ, కమ్మీ అంచు పట్టుకుని నడిచి, వంపు తిరిగిన చోట రాలేది. దానిని పట్టించినది చుక్క కాదు, పైపు మూతి చుట్టూ ఉప్పు మడిలో గట్టు అంచున పేరుకున్నట్లుగా తెల్లగా, లేత ఆకుపచ్చగా గట్టిపడిన పొక్కు. కూలెంట్‌లోని నీరు ఆవిరైపోయి మిగిలిన మడ్డి అది. ఎక్కడ ఆ పొక్కు కనిపిస్తే అక్కడ ఏనాటినుంచో చెమరుస్తున్నదని లెక్క. బ్యాటరీ లైటు వేసి, వరుసగా పై పైపు రెండు కొసలు, కింది పైపు రెండు కొసలు, రేడియేటర్ పక్కన ఉండే ప్లాస్టిక్ తొట్టి అతుకు, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్ దారి తెరిచే వాల్వు) గూడు, కూలెంట్‌ను తిప్పే వాటర్ పంపు, హీటరుకు వెళ్లే సన్నని పైపులు, పొంగిన కూలెంట్ చేరే ఓవర్‌ఫ్లో డబ్బా అడుగు చూసుకుంటూ పోవాలి. అనుమానం ఉన్న అతుకును పొడిగుడ్డతో తుడిచి, దాని మీద ముఖానికి రాసుకునే పౌడరు కొద్దిగా చల్లితే, తడి పుట్టిన చోటు గీతలాగా కనబడుతుంది.

కొన్ని లీకులు చల్లగా ఉన్నప్పుడు అసలు కనిపించవు, ఒత్తిడి ఎక్కితేనే బయటపడతాయి. మెకానిక్కుల దగ్గర దీనికి చేతిపంపు ఉంటుంది. అది లేనివారు బండిని పది పదిహేను కిలోమీటర్లు నడిపి తెచ్చి, ఇంజిన్ ఆపి, మూత ముట్టుకోకుండా అదే వరుసలో మరొకసారి చూడాలి. కరెంటు ఫ్యాన్ ఉన్న బళ్లలో ఇంజిన్ ఆగినా ఫ్యాన్ దానంతట అది తిరగవచ్చు కాబట్టి చేతులు, తువ్వాలు కొసలు దూరంగా ఉంచుకోవాలి.

ఎంత వెతికినా బయట తడి కనిపించక, లోపల మాత్రం తగ్గుతూనే ఉంటే ఆశ వదులుకుని మెకానిక్ దగ్గరికి పోవడం మంచిది. ఆయిల్ మట్టం చూసే కమ్మీకి పాలు కలిపిన టీ రంగులో ఆయిల్ అంటుకోవడం, ఇంజిన్ వేడెక్కిన తరువాత కూడా సైలెన్సర్ నుంచి తియ్యని వాసనతో తెల్లపొగ రావడం, చల్లని ఇంజిన్‌ను స్టార్టు చేసిన నిమిషానికే పై పైపు రాయిలా బిగుసుకోవడం, రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా రావడం హెడ్డుకూ ఇంజిన్‌కూ నడుమ ఉండే సీలు, అంటే హెడ్ గాస్కెట్, పోయిందనడానికి గుర్తులు. కొన్ని కొత్త డీజిల్ బళ్లలో ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను కూలెంట్‌తో చల్లబరిచే భాగం) లోపల పగిలినా కూలెంట్ ఇలాగే మాయమవుతుంది. వాటర్ పంపు అడుగున ఉండే చిన్న రంధ్రం నుంచి కారుతుంటే లోపలి సీలు పోయినట్లు. కొన్ని ఇంజిన్లలో పంపు విప్పాలంటే ఇంజిన్ వాల్వులను వేళకు తిప్పే టైమింగ్ బెల్టును కదిలించాలి, దాని వరుస తప్పితే ఇంజినే పోతుంది. ఈ మూడూ ఇంటి పనులు కావని నా అభిప్రాయం. ప్లాస్టిక్ తొట్టి అతుకు కారినా అంతే. వెనకటి జీపులకు, లారీలకు ఉండే రాగి, ఇత్తడి రేడియేటర్లకు టంకం వేసి సరిచేసేవారు. ఇప్పటి అల్యూమినియం రేడియేటర్‌కు ఆ టంకం పట్టదు, రేడియేటర్ మార్చడమే దారి.

ఇంటి దగ్గర నిశ్చింతగా చేయగలిగినవి మూత, క్లిప్పులు, పైపులు. మూతను ముందుగా చూడాలి, ఎందుకంటే అన్నిటికంటే చవక అదే. అడుగున రబ్బరు వాషర్ చిట్లినా, గట్టిపడినా కొత్తది కొనాలి. పాత మూత మీద అది నిలిపే ఒత్తిడి, బార్ లెక్కలో, 0.9 అనో 1.1 అనో అచ్చు వేసి ఉంటుంది. అదే అంకె ఉన్న మూత కావాలి, ఎక్కువ ఉన్నది వేస్తే బలం అనుకుని వేయకూడదు. ఆ అదనపు ఒత్తిడి పాత పైపుల మీద పడుతుంది.

పైపు విషయానికి వస్తే, చల్లగా ఉన్నప్పుడు కొసల దగ్గర వేళ్లతో గట్టిగా పిండి చూడాలి. లోపల ఎండుటాకు నలిగినట్లు చప్పుడైనా, ఒకచోట మెత్తగా ఉబ్బి ఉన్నా దాని ఆయువు తీరినట్లే. రబ్బరు పైపు తరచుగా లోపలినుంచి, అందులోనూ కొసల దగ్గర పగులుతుంది కాబట్టి పైకి నున్నగా కనిపించినంత మాత్రాన నమ్మరాదు. కొత్త పైపు కొనేటప్పుడు పాతదానిని దుకాణానికి పట్టుకుపోయి వంపుకు వంపు సరిచూసుకోవాలి. తిన్నని పైపును వంచి బిగిస్తే నాలుగు రోజులకు నొక్కుకుపోయి నీటిదారి మూసుకుపోతుంది. క్లిప్పులు స్టెయిన్‌లెస్ స్టీలువే తీసుకోవాలి. సముద్రపు గాలి తగిలే కవిటి, సోంపేట, భావనపాడు వైపు మామూలు ఇనుప క్లిప్పు తుప్పు పట్టి, మరొకసారి విప్పవలసి వచ్చినప్పుడు మర తిరగకుండా తల అరిగిపోతుంది. వీటితోపాటు బండి పుస్తకంలో చెప్పిన రకం కూలెంట్, బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోవాలి. కూలెంట్ రంగును బట్టి రకం తెలియదు. రెండు వేరు రకాలు కలిస్తే చిక్కబడి సన్నని గొట్టాలు పూడుకుపోవచ్చు. బోరు నీళ్లు పోస్తే మన ఇళ్లలో నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లని పెచ్చే రేడియేటర్ లోపలా పేరుకుంటుంది.

పని మొదలుపెట్టే ముందు తాళం తీసివేసి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి. బండి కిందికి దూరవలసి వస్తే జాకీ ఒక్కదానిని నమ్ముకోకూడదు, ఇటుకల మీద ఆనించకూడదు. ఇటుక చెప్పకుండా పగులుతుంది. రేడియేటర్ అడుగున ఉండే డ్రెయిన్ మరను కొద్దికొద్దిగా విప్పి శుభ్రమైన బేసినులోకి కూలెంట్ దించాలి. అది ప్లాస్టిక్ మర, పాతబడితే విరుగుతుంది. మొరాయిస్తే బలవంతం చేయకుండా కింది పైపు క్లిప్పునే వదులు చేసి అక్కడినుంచి దించుకోవాలి.

పాత పైపు, అది తొడిగి ఉన్న రేడియేటర్ మూతికి అతుక్కుపోయి ఉంటుంది. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తడం అందరికీ తోచే ఉపాయం, రేడియేటర్ మూతి విరగడానికి రాచమార్గమూ అదే. ఎలాగూ పారవేసే పైపే కాబట్టి బ్లేడుతో పొడవునా, మూతికి గీత పడకుండా, కోసి అరటి తొక్క ఒలిచినట్లు తీసివేయాలి. తరువాత మూతి మీద మిగిలిన రబ్బరు పొరలను, తెల్లని పొక్కును తడిగుడ్డతోను, లోహపు మూతి అయితే నున్నని ఎమరీ కాగితంతోను శుభ్రం చేయాలి. ఈ ఒక్క పని బద్ధకించి కొత్త పైపు ఎక్కిస్తే, కొత్త పైపు కూడా మొదటి రోజునుంచే చెమరుస్తుంది.

కొత్త పైపుకు ముందుగా క్లిప్పులు తొడిగి, లోపలి అంచును కూలెంట్‌తో తడిపి, మెలితిప్పుతూ చివరి దాకా ఎక్కించాలి. గ్రీజు, నూనె రాయకూడదు, అవి రబ్బరును ఉబ్బిస్తాయి. మూతి అంచున కట్టు ఒకటి ఎత్తుగా ఉంటుంది. క్లిప్పు ఆ కట్టు మీద కాకుండా, దానిని దాటి లోపలి వైపున, పైపు కొస నుంచి వడ్లగింజంత ఇవతల కూర్చోవాలి. బిగువు సంగతి నా స్వంత నష్టంతో నేర్చుకున్నాను. మొదటిసారి ఇక కారకూడదన్న పంతంతో క్లిప్పును ఎంత తిరిగితే అంత బిగించాను, ప్లాస్టిక్ మూతికి సన్నని వెంట్రుక గీత పడింది, రెండు వారాలకు రేడియేటరే మార్చవలసి వచ్చింది. కొత్తది బిగించిన ముసలి మెకానిక్ నవ్వి, "బిగువెక్కువైతే కారదనుకున్నావేటి బావూ? ఎక్కువైతేనే ఇరిగిపోతాది" అన్నాడు. రబ్బరు క్లిప్పు పళ్లలోనుంచి పొంగుకు రాకుండా, చేత్తో తిప్పితే పైపు కదలకుండా ఉంటే ఆ బిగువు చాలు.

నింపేటప్పుడు తొందర పనికిరాదు. సమపాళ్లలో కలిపిన కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ మిశ్రమాన్ని సన్నని ధారగా పోస్తూ, నడుమ ఆపి పై పైపును నాలుగైదు సార్లు పిండితే లోపలి గాలి గుడగుడమంటూ బయటికి వస్తుంది. బండి ముందు భాగం కొద్దిగా ఎత్తుగా ఉండేటట్లు వాలులో నిలిపితే గాలి ఇంకా తేలికగా పోతుంది. తరువాత మూత తీసి ఉంచే చల్లని ఇంజిన్‌ను స్టార్టు చేసి, హీటర్ ఉంటే పూర్తిగా తిప్పి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా నిదానంగా నడవనివ్వాలి. అది సాధారణంగా 80 డిగ్రీలు దాటిన తరువాత తెరుచుకుంటుంది. అప్పుడు మట్టం ఒక్కసారి కిందికి దిగుతుంది, పై పైపు వేడెక్కుతుంది. మట్టం నింపి, మూత బిగించాలి. ఈ వేళలో ముఖాన్ని రేడియేటర్ మీదికి వంచకూడదు. మూత రేడియేటర్ మీద కాక డబ్బా మీద ఉండే బళ్లలో గాలి తీసే మర వేరుగా ఉండవచ్చు, దాని స్థానం బండి పుస్తకంలో చూసుకోవాలి.

దారిలో ఉండగా పైపు చిట్లితే ఏమి చేయాలన్నది వేరే సంగతి. సైకిల్ ట్యూబు చీల్చిన పట్టీని పొడిచేసిన పైపు చుట్టూ సాగదీసి పొరలు పొరలుగా చుట్టి, మూతను మొదటి మెట్టు దగ్గరే వదులుగా ఉంచి మెల్లగా నడిపితే ఒత్తిడి తగ్గి కారుడు తగ్గుతుంది. దగ్గరి ఊరు చేరడానికి అది చాలు. అదీ మైదానపు దారిలోనే, సాలూరు దాటి ఒడిశా వైపు ఎక్కే ఘాట్‌లో నిండు లోడుతో అలాంటి సాహసం వద్దు. రేడియేటర్‌లో పసుపు వేసే పాత పద్ధతి నిజంగానే చిన్న చిల్లులను పూడుస్తుంది, దానితోపాటు హీటర్ గొట్టాలను కూడా పూడుస్తుంది. గత్యంతరం లేక వేసినవారు ఊరు చేరగానే మొత్తం కడిగించుకోవాలి. కూలెంట్ పూర్తిగా కారిపోయినప్పుడు సెన్సర్ చుట్టూ గాలి తప్ప ద్రవం ఉండదు కాబట్టి టెంపరేచర్ ముల్లు మామూలు చోటే చూపించవచ్చు, ఇంజిన్ మాత్రం కాలిపోతూ ఉంటుంది. హీటర్ వేసినప్పుడు ఉన్నట్టుండి చల్లగాలి వచ్చినా ఇదే అనుమానించి బండి ఆపాలి.

మరమ్మతు అయిన మరునాడు ఉదయం, ఇంజిన్ చల్లగా ఉండగా, ఓవర్‌ఫ్లో డబ్బా మీద మట్టం ఉన్న చోట చెరగని పెన్నుతో గీత గీసి తేదీ వేయాలి. మొదటి రెండు రోజుల్లో మిగిలిన గాలి పోయి వేలెడు దిగవచ్చు, అంతవరకు నింపుకోవచ్చు. ఆ తరువాత వారం రోజులు ప్రతి ఉదయం గీత చూడాలి. వంద కిలోమీటర్లు తిరిగిన తరువాత, చల్లగా ఉన్నప్పుడే, క్లిప్పులకు పావు చుట్టు మించకుండా బిగువు సరిచూడాలి. బేసినులో దించిన పాత కూలెంట్‌ను కాలువలోనో కొబ్బరి మొదట్లోనో పోయకుండా, మూత ఉన్న డబ్బాలో పోసి పేరు రాసి, పాత ఆయిల్ తీసుకునే గ్యారేజీకి ఇచ్చివేయాలి.