వాల్వ్ మార్పించుకున్నవాళ్లు పన్ను పీకించుకునే ముందు

గుండె వాల్వ్ మార్చి ఉంటే డెంటిస్ట్‌కి మొదట చెప్పాల్సింది ఆ మాటే. పన్ను పీకినా, చిగుళ్ల కింద గార తీసినా నోట్లోని బ్యాక్టీరియా రక్తంలోకి వెళ్తుంది, మామూలు గుండెకు పెద్దగా ఏం కాదు గానీ కృత్రిమ వాల్వ్‌కి అంటుకుంటే ఎండోకార్డైటిస్ (గుండె లోపలి పొరకు, వాల్వ్‌లకు వచ్చే ఇన్‌ఫెక్షన్) వస్తుంది, అది ప్రాణం మీదకి తెచ్చే జబ్బు. అందుకే 30 నుంచి 60 నిమిషాల ముందు ఒక్క డోసు యాంటీబయాటిక్ ఇస్తారు, పెద్దవాళ్లకు సాధారణంగా అమాక్సిసిలిన్ 2 గ్రాములు. పెన్సిలిన్ పడకపోతే ముందే చెప్పండి. మీ అంతట మీరు కొనుక్కుని వేసుకోవద్దు.

రక్తం పలచబడే మాత్రలు కూడా సొంతంగా ఆపకండి, వాల్వ్ దగ్గర గడ్డ కట్టొచ్చు. తాజా ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే పరీక్ష) రిపోర్టు వెంట తీసుకెళ్లండి.

రోజూ రెండుపూటలా మెత్తటి బ్రష్. రక్తం వస్తోందని కొందరు తోముకోవడమే మానేస్తారు, దయచేసి అలా చేయకండి, ఉమ్మిలో ఎర్రటి చార కనబడితే చిగుళ్లు చూపించుకోండి. తర్వాత ఎప్పుడైనా జ్వరం వదలకపోతే పారాసిటమాల్‌తో సరిపెట్టకుండా వెంటనే కార్డియాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి.