స్లాప్‌కి బేస్ పికప్: యాక్టివా, పాసివా?

స్లాప్ అంటే బేస్ గిటార్ తీగను బొటనవేలితో కొట్టి వాయించడం. పికప్ అంటే తీగ కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగం; దాని లోపలే బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉంటే యాక్టివ్, లేకపోతే పాసివ్. స్లాప్ కోసమని యాక్టివ్ పికప్‌లు కొనేముందు బేస్ వెనక మూత విప్పి చూడండి. 9 వోల్టుల బ్యాటరీ ఉన్నంత మాత్రాన పికప్ యాక్టివ్ అయిపోదు. చాలావాటిలో పికప్ పాసివే, ప్రీయాంప్ (సిగ్నల్‌ను పెంచి, టోన్ మార్చే సర్క్యూట్) ఒక్కటే యాక్టివ్. స్లాప్‌కి పేరుపడ్డ బేసిస్టు మార్కస్ మిల్లర్ వాయించే 1977 ఫెండర్ జాజ్ బేస్ కూడా అంతే. స్లాప్‌కి నా ఓటు ఈ పాసివ్ పికప్, యాక్టివ్ ప్రీయాంప్ జోడీకే: బొటనవేలి దెబ్బలో చురుకు పోదు, ట్రెబుల్ కావలసినంత పెంచుకోవచ్చు.

నిజంగానే యాక్టివ్ పికప్ వేస్తే పాత 250 కిలోఓముల పాట్‌లు (నాబ్‌ల కింద ఉండే, తిప్పితే నిరోధం మారే భాగాలు) తీసి 25 కిలోఓములవి పెట్టాలి. లేదంటే వాల్యూమ్ నాబ్ మెల్లగా తగ్గదు, స్విచ్ కట్టేసినట్టు ఒక్కసారిగా పడిపోతుంది.

పాప్ (వేలితో తీగను పైకి లాగి వదలడం) లాగినప్పుడు శబ్దం పగులుతోందా? ముందు బ్యాటరీ మార్చండి, అప్పటికీ పోకపోతే పికప్‌ను ఒక మిల్లీమీటరు దించండి. వాయించడం అయ్యాక కేబుల్ పీకేయండి. అది బేస్ జాక్‌లో ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.